పవనశక్తి పాఠానికి కిట్ కొనకండి, రెక్కలు వాళ్లనే కత్తిరించనివ్వండి

ఎనిమిదో తరగతి పిల్లలకు గాలి నుంచి కరెంటు ఎలా వస్తుందో చేయించి చూపించాలి, రెడీమేడ్ కిట్ తెప్పించనా అని అడిగారు. ఏడేళ్లుగా ఈ పాఠం చేయిస్తున్నాను. నా మాట వింటే కిట్ వద్దు. అందులో రెక్కలు అచ్చుపోసి వస్తాయి. పిల్లలు బిగిస్తారు, తిరుగుతుంది, చప్పట్లు కొడతారు, అయిపోయింది. ఈ పాఠంలో పస అంతా ఆ రెక్కలోనే ఉంది, దాన్నే వాళ్ల చేతికి ఇవ్వకపోతే ఎలా?

మొదటి ఏడాది నా పరువు పోయిన సంగతి ముందే చెప్పేస్తాను. పాత బొమ్మ కారులోంచి మోటారు పీకి (దాన్ని బయటి నుంచి తిప్పితే అదే కరెంటు ఇస్తుంది), అట్టముక్కలతో నాలుగు రెక్కలు అంటించి టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టాను. గిర్రున తిరిగింది. ఎల్ఈడీ మాత్రం వెలగలేదు. నలభై మంది ముందు వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పెడితే 0.4 వోల్టులు. ఎర్ర ఎల్ఈడీ వెలగడానికి 1.8 దాకా కావాలి. బొమ్మ మోటారు నిమిషానికి వేల చుట్లు తిరగడానికి చేసింది, మన అట్టముక్కల గాలిమర ఆ వేగం ఎక్కడ అందుకుంటుంది! పాడైన ప్రింటర్లోంచి తీసిన డీసీ మోటారు దొరికితే పట్టుకోండి, తక్కువ వేగానికే ఎక్కువ వోల్టేజీ ఇస్తుంది. అప్పటికీ వెలగకపోతే ఎల్ఈడీ కాళ్లు అటూ ఇటూ మార్చి చూడండి, సగం సార్లు తప్పు అక్కడే ఉంటుంది.

మొదటి క్లాసులో అసలు కరెంటు జోలికి వెళ్లకండి. సైకిల్ చువ్వ ఒకటి సన్నటి గొట్టంలో దూర్చి, ఒక కొసకి కార్కు గుచ్చి దానికి రెక్కలు, రెండో కొసకి దారంతో పేపర్ కప్పు కట్టించండి. ఫ్యాన్ వేస్తే దారం చుట్టుకుంటూ కప్పు పైకి లేవాలి. కప్పులో ఒక్కో పేపర్ క్లిప్పూ వేసుకుంటూ పోవడమే ఆట. రెక్క గాలికి పూర్తిగా ఎదురుగా ఉంటే కదలదు, గాలి వెంబడి అంచు పెట్టినా కదలదు. మధ్యలో ఎక్కడో ఉంది కిటుకు. కోణమాని ఇచ్చి వదిలేయండి, వాళ్లే పట్టుకుంటారు. ఒక్క షరతు: ఒకసారికి ఒక్కటే మార్చాలి. కోణం మారిస్తే రెక్కల సంఖ్య మార్చకూడదు.

రెండో క్లాసులో అవే రెక్కలు మోటారుకి బిగించేసరికి గొడవ మొదలవుతుంది. గాలికి ఎదురుగా ఉన్న స్థితి నుంచి బాగా వాల్చిన ఆరు రెక్కలతో కప్పు పోటీ గెలిచిన జట్టు వోల్టేజీలో వెనకబడుతుంది. మూడు రెక్కలు కొద్దిగా మాత్రమే వాలుగా పెట్టినవాళ్లు ముందుకొస్తారు. బరువు లేపడానికి మెలితిప్పే బలం కావాలి, కరెంటుకి వేగం కావాలి. నీళ్లు తోడే పాత గాలిమరలకు అన్ని రెక్కలెందుకో అప్పుడు చెబితే చెవికెక్కుతుంది. డెన్మార్క్‌లో పౌల్ లా కూర్ అనే ఉపాధ్యాయుడు 1891లో గాలిమరతో కరెంటు తీసి, ఆ తర్వాత ప్రయోగాలు చేసి, వేగంగా తిరిగే కొద్దిపాటి రెక్కలే కరెంటుకి మేలని తేల్చాడు. మీ పిల్లలు చేసిందీ అదే గొడవ.

నాకు బాగా ఇష్టమైనది మాత్రం ఇది. రెక్కను వేలితో తిప్పమని, రెండో పిల్లాణ్ణి మోటారు వైర్ల కొసలు ఒకదానికొకటి తాకించమని చెప్పండి. తేలిగ్గా తిరుగుతున్నది హఠాత్తుగా బరువెక్కుతుంది. "టీచర్, లోపల ఎవరో పట్టుకున్నారు!" అంది ఒక అమ్మాయి. కరెంటు ప్రవహిస్తే గాలి ఆ మేరకు పని చేయాల్సిందే అని నేను అరగంట చెప్పినా అంత తెలియదు. అందుకే వైర్లు వదిలేసి కొలిచిన వోల్టేజీని నమ్మొద్దు. వైర్ల మధ్య 100 ఓమ్‌ల రెసిస్టర్ (కరెంటుకి అడ్డుపడే చిన్న ముక్క) తగిలించి, దాని మీద కొలవండి. జట్ల స్థానాలు తారుమారైనా ఆశ్చర్యపోకండి.

రెక్క పొడవు రెట్టింపైతే గాలిని పట్టే వైశాల్యం 4 రెట్లు, గాలి వేగం రెట్టింపైతే దానిలోని శక్తి 8 రెట్లు. ఇది బోర్డు మీద చెప్పండి, టేబుల్ ఫ్యాన్‌తో నిరూపించబోకండి. ఫ్యాన్ గాలి సుడులు తిరుగుతూ వస్తుంది, లెక్క కుదరదు. ఒక జట్టు ఈ సూత్రం విని మూరెడు రెక్కలు చేసుకొచ్చింది. కొసలు ఫ్యాన్ గాలి దాటి బయటికి పోయి, ఉన్న వేగం కూడా పోయింది. "గాలిలో ఉన్నదంతా ఎందుకు లాక్కోకూడదు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అంతా లాగేస్తే రెక్కల వెనక గాలి ఆగిపోతుంది, ఇక ముందు నుంచి వచ్చేది ఎటు పోవాలి? అందుకే ఎంత గొప్ప గాలిమరకైనా 59.3 శాతమే హద్దు. దాన్ని బెట్జ్ పరిమితి అంటారు.

రెక్కలు ఊడి ఎగురుతాయి. తిరుగుతున్నప్పుడు పక్కన ఎవరూ నిలబడకూడదు, ఫ్యాన్ వెనకాలే ఉండాలి, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టించండి, రేకు రెక్కలు వద్దే వద్దు.

బహుమతి కూడా పెట్టకండి. నేను పెట్టిన ఏడాది, మొదటి జట్టు రెక్క చూసి మిగతా అందరూ అదే కత్తిరించారు.