టెక్ సందేహాలు: సర్వర్ నడుస్తూనే ఉంది, అడ్మిన్ పేజీయే రావట్లేదు

ప్రశ్న: ఓ పాత ఆఫీసు కంప్యూటర్ కొని ప్రాక్స్‌మాక్స్ (ఒకే కంప్యూటర్‌లో వర్చువల్ మెషిన్లు, అంటే విడివిడి కంప్యూటర్లలా పనిచేసేవి, నడిపే సాఫ్ట్‌వేర్) వేసుకున్నాను. అందులో మూడు వర్చువల్ మెషిన్లున్నాయి. ఈమధ్య ఇంట్లో ఇంటర్నెట్ కంపెనీ మార్చాం, కొత్త రూటర్ పెట్టి వెళ్ళారు. అప్పట్నుంచి 8006 పోర్టులో రావాల్సిన అడ్మిన్ పేజీ రావట్లేదు. మానిటర్ తగిలించి చూస్తే తెర మీద పాత అడ్రసే ఉంది. మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలా? పేజీ వచ్చాక ఆఫీసు నుంచి కూడా చూసుకునేలా రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డ్ చేద్దామనుకుంటున్నాను (బయటి ఇంటర్నెట్ నుంచి ఆ పేజీకి నేరుగా దారి తెరవడం), సరేనా? (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మొదటిదానికి అవసరం లేదు, రెండోదానికి వద్దు.

రూటర్ మార్చాక పేజీ పోయిందనే ఉత్తరాలు నాకు వస్తూనే ఉన్నాయి. చాలావాటిలో కారణం ఒకటే. పాత రూటర్ 192.168.0 వరసలో అడ్రసులు ఇచ్చి ఉంటుంది, కొత్తది 192.168.1 వరసలో ఇస్తుంది. ఫోన్లూ టీవీలూ కొత్త రూటర్ ఏది ఇస్తే అది తీసుకుంటాయి. ప్రాక్స్‌మాక్స్ మాత్రం ఇన్‌స్టాల్ చేసిన రోజున రాసుకున్న అడ్రస్‌నే పట్టుకుని కూర్చుంటుంది. మానిటర్ మీద మీకు కనబడేది హోస్ట్స్ ఫైల్లో (సర్వర్ తన పేరునూ అడ్రస్‌నూ రాసుకునే ఫైల్) రాసి ఉన్న అడ్రస్, అంతే. అది మీ నెట్‌వర్క్‌లో ఇప్పుడు పనికొస్తుందో లేదో ఆ తెర చూసి చెప్పదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఎవరు తయారుచేసినా సరే, అడ్రస్ చూపించే చోటే ‘రూటర్ పలకట్లేదు’ అని ఒక్క ముక్క చేరిస్తే ఇన్ని సర్వర్లు అనవసరంగా ఫార్మాట్ కావు.

నల్ల తెర మీద ఫైళ్ళు మార్చడం ఇబ్బందిగా ఉంటే తేలిక దారి ఉంది. లాప్‌టాప్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో అడ్రస్‌ను చేత్తో 192.168.0.50 అనీ, మాస్క్ 255.255.255.0 అనీ పెట్టండి. (పాత వరస వేరేదైతే దానికి తగ్గట్టు.) పాత అడ్రస్‌తోనే పేజీ తెరుచుకుంటుంది. లోపల మీ సర్వర్ పేరు కింద సిస్టమ్, అందులో నెట్‌వర్క్‌కి వెళ్ళి విఎమ్‌బీఆర్0 (సర్వర్‌నూ వర్చువల్ మెషిన్లనూ నెట్‌వర్క్‌కు కలిపే బ్రిడ్జ్) అడ్రస్‌నూ గేట్‌వేనూ (అంటే రూటర్ అడ్రస్) కొత్త వరసకు మార్చండి. దాన్ని అప్లై చేసేముందు పక్కనే ఉన్న హోస్ట్స్‌లోనూ అడ్రస్ మార్చండి. చాలామంది ఈ రెండోది మర్చిపోతారు. చివర్లో లాప్‌టాప్‌ను మళ్ళీ ఆటోమేటిక్‌కి తిప్పండి.

పేజీ వచ్చి, పాస్‌వర్డ్ సరైనదే అయినా లోపలికి రానివ్వకపోతే రెండు చూడండి. రూట్‌తో (సర్వర్ మీద సర్వాధికారాలున్న ఖాతా) వెళ్ళేటప్పుడు లాగిన్ పెట్టెలో రియల్మ్ దగ్గర లైనక్స్ పామ్ ఉండాలి. అదీ సరిగ్గానే ఉంటే డిస్క్ నిండిపోయిందేమో చూడండి. బ్యాకప్‌లన్నీ సర్వర్ సొంత డిస్క్‌లోనే పోగేస్తే చివరికి లాగిన్ కూడా ఆగిపోతుంది.

ఇక పోర్ట్ ఫార్వర్డింగ్. ఆ పేజీలో రూట్‌గా వెళ్ళినవాడికి మీ మూడు మెషిన్లూ, వాటి డిస్కులూ, అక్కడే దాచిన బ్యాకప్‌లూ అన్నీ ఒకేసారి దొరుకుతాయి. విడివిడిగా ఏదీ పగలగొట్టక్కర్లేదు. 2023 ఫిబ్రవరిలో ఈఎస్‌ఎక్స్‌ఐ (ప్రాక్స్‌మాక్స్ లాంటిదే, వీఎమ్‌వేర్ కంపెనీది) సర్వర్ల మీద జరిగిన రాన్సమ్‌వేర్ దాడి గుర్తుందా? ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన సర్వర్లలోకి చొరబడి వర్చువల్ మెషిన్ల ఫైళ్ళకు తాళాలేశారు. 3,800కు పైగా సర్వర్లు దెబ్బతిన్నాయని అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా (CISA), ఎఫ్‌బీఐ చెప్పాయి. ఆ దాడికి వాడుకున్నట్టు చెప్పిన లోపానికి మరమ్మతు 2021 ఫిబ్రవరిలోనే వచ్చేసింది. రెండేళ్ళయినా చాలామంది వేసుకోలేదు. జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకున్న కంపెనీల సంగతే అది. ఇంట్లో మూలన పెట్టిన పెట్టెకు అప్‌డేట్లు ఎవరు చూస్తారు?

‘8006 బదులు వేరే నంబర్ పెడతాను’ అంటారు కొందరు. ఇంటర్నెట్ మొత్తాన్నీ రాత్రింబవళ్ళు జల్లెడ పట్టే ప్రోగ్రాములకు అన్ని నంబర్లూ ఒకటే. మన దగ్గర చాలా ఇళ్ళ కనెక్షన్లు సీజీనాట్ వెనక ఉంటాయి, ఒకే పబ్లిక్ అడ్రస్‌ను ఎందరో పంచుకుంటారు కాబట్టి అక్కడ ఫార్వర్డింగే కుదరదు. దానికోసం స్టాటిక్ ఐపీకి అదనంగా డబ్బు కట్టి మరీ సర్వర్‌ను బజార్లో పెడుతున్నవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. పేజీ రాకపోతే ముందు ఫైర్‌వాల్ ఆపేయమని నేర్పే వీడియోల మీదైతే కోపమే. ఆపిన ఫైర్‌వాల్‌ను మళ్ళీ వేయమని చెప్పేదాకా ఆ వీడియో ఎవరూ చూడరు.

ఆఫీసు నుంచి చూడాలంటే వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన సొంత దారి) పెట్టుకోండి. స్టాటిక్ ఐపీ ఉంటే వైర్‌గార్డ్, సీజీనాట్ అయితే టెయిల్‌స్కేల్ లాంటిది. దాన్ని ఇదే సర్వర్‌లోని వర్చువల్ మెషిన్‌లో కాకుండా రూటర్‌లోనో, వేరే చిన్న పరికరంలోనో ఉంచండి. వర్చువల్ మెషిన్‌లో పెడితే, అది ఆగిపోయిన రోజు మీ దారీ మూసుకుపోతుంది. అడ్మిన్ పేజీలో డేటాసెంటర్ కింద పర్మిషన్స్‌లో టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో కోడ్ అడగడం) ఉంది, రూట్‌కి ఇవాళే పెట్టేయండి.

ఇప్పటికే పోర్ట్ తెరిచి ఉంచినవాళ్ళకు ఒక మాట. ముందు ఆ రూల్ తీసేయండి. తర్వాత సర్వర్‌లో పీవీఈప్రాక్సీ యాక్సెస్ లాగ్ (అడ్మిన్ పేజీకి ఎవరెవరు వచ్చారో రాసుకునే ఫైల్) చూడండి. ముక్కూమొహం తెలియని అడ్రస్ ఉన్న లైన్లన్నిటిలోనూ యూజర్ పేరు స్థానంలో గీత మాత్రమే ఉంటే లోపలికి రాలేకపోయాడని. ఒక్కదానిలోనైనా root@pam లాంటి యూజర్ పేరూ, 200 అనే కోడూ (పని జరిగిందని అర్థం) ఉంటే పాస్‌వర్డ్ మార్చి ఊరుకోకండి. నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి, కావాల్సిన డేటా మాత్రం బయటికి తీసుకోండి. మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాల్సింది అప్పుడు.