వెలుగు తగ్గిస్తే చారలొస్తున్నాయి

ప్రశ్న: అన్నా, మిత్రులం కలిసి షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. రాత్రి సీను కోసం గదిలో 24 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్ 5 మీటర్లు అంటించాం. రిమోట్‌తో వెలుగు తగ్గిస్తే కంటికి బాగానే ఉంది, కెమెరాలో మాత్రం నల్ల చారలు పాకుతున్నాయి. ఫ్యాన్ రెగ్యులేటర్ పెడితే స్ట్రిప్ టపటపా కొట్టుకుంది. సినిమావాళ్ల డిమ్మర్ కొనే స్తోమత లేదు. మేమే చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: చేసుకోవచ్చు తమ్మీ. ముందు ఆ రెగ్యులేటర్ తీసెయ్. ఫ్యానుకు చెల్లుతుంది గానీ, అది కోసి పంపే కరెంటు స్ట్రిప్ అడాప్టర్‌కు అరగదు.

ఇక చారల సంగతి. ఎల్‌ఈడీ వెలుగు తగ్గించే రిమోట్ డబ్బా చేసేదల్లా దాన్ని సెకనుకు కొన్ని వందల సార్లు ఆర్పి వెలిగించడమే. సగం సేపు ఆరితే సగం వెలుగు. కన్ను పట్టుకోదు. కెమెరా బొమ్మను వరస వరసగా చదువుతుంది కాబట్టి, ఆరిన క్షణం ఎక్కువ పడ్డ వరసలు నల్లబడతాయి. షటర్ 1/50 పెడితే మన 50 హెర్ట్జ్ కరెంటు మినుకు పోతుంది గానీ, రిమోట్ డబ్బా లెక్క వేరు.

నేనూ దెబ్బతిన్నవాణ్నే. పుట్టపాకలో ఒక మగ్గం ఇంట్లో తేలియా రుమాలు నేసే షాటు. నా మొదటి డిమ్మర్ డబ్బా ఆర్డువినో యూనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుతో చేసింది. మామూలు సెట్టింగులో 9వ పిన్ సెకనుకు 490 సార్లే ఆర్పుతుంది. మానిటర్‌లో రుమాలు గళ్ల మీద ఇంకో వరస గళ్లు! "ఈ డిజైన్ నేతన్నది కాదు, నీది" అన్నాడు కెమెరామన్. చివరికి డిమ్మర్ తీసేసి, స్ట్రిప్‌ను పూర్తి వెలుగులో పెట్టి, ఒక ఎల్‌ఈడీ విడిచి ఒకదానికి నల్ల ఇన్సులేషన్ టేపు వేసి గట్టెక్కాం. షాటంతా ఒకటే వెలుగు చాలనుకుంటే నువ్వూ అదే చెయ్, డిమ్మరే అక్కర్లేదు.

షాటు మధ్యలో వెలుగు మారాలంటేనే డబ్బా. అదే పిన్‌ను ఆర్పి వెలిగించే టైమర్‌ను, వెలుగు 512 మెట్లలో మారేలా పెడితే సెకనుకు 31,250 సార్లు ఆరి వెలుగుతుంది, చారలుండవు. 1024 మెట్లయితే ఇంకా మెత్తగా తగ్గేది, కానీ అప్పుడు 15,625కి పడిపోతుంది. అక్కడ నా అడాప్టర్ సన్నగా కూసింది. పాత డబ్బా టీవీ కూత కూడా సరిగ్గా అంతే. నా చెవికి అందలేదు, సౌండ్ కుర్రాడు పట్టేశాడు.

యూనో పిన్ చెప్పినట్టు స్ట్రిప్ కరెంటును ఆపి వదిలే స్విచ్చు మాస్‌ఫెట్, దాని దగ్గర తొందరపడకు. కొట్టులో ఐఆర్ఎఫ్540 చేతిలో పెడతారు. అది పూర్తిగా తెరుచుకోవడానికి గేటుకు (పిన్ నుంచి ఆజ్ఞ అందుకునే కాలు) 10 వోల్టులు కావాలి, యూనో ఇచ్చేది 5. సగం తెరుచుకుని కాగుతుంది. నా చూపుడువేలి మీద మచ్చ ఇంకా ఉంది. ఐఆర్ఎల్‌జడ్44ఎన్ అడుగు, వేడి లాగేసే చిన్న హీట్‌సింక్ రేకు తగిలించు. గేటు నుంచి నెగటివ్‌కు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వెయ్, లేకపోతే బోర్డు లేచేలోపే స్ట్రిప్ భగ్గుమనొచ్చు. యూనో నెగటివ్, అడాప్టర్ నెగటివ్ కలపడం మర్చిపోకు. మీటరుకు 14.4 వాట్ల స్ట్రిప్ అయితే మొత్తం 72 వాట్లు, 3 ఆంపియర్లు. అడాప్టర్ 100 వాట్లది తీసుకో. 230 వోల్టుల వైపు మాత్రం చెయ్యి పెట్టకు.

దీపం ఆరిపోయే సీనుందా? 2వ మెట్టు నుంచి 1కి దిగితే వెలుగు ఒక్కసారిగా సగమవుతుంది, గంతులా కనబడుతుంది. స్ట్రిప్ మీద రెండు మడతల బటర్ పేపర్ కప్పి, పై మెట్లలోనే ఆడించు.

పరీక్ష ఫోనుతో వద్దు. షూటింగుకు ముందు రోజే మీరు తీసే కెమెరాతో, అదే షటర్‌లో, తెల్ల గోడ మీద చూసుకోండి.