ఊ కొట్టు, పిల్లలే చెప్తారు

ప్రశ్న: మేడమ్, మాది బరంపురం. ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేస్తున్నా, ఎనిమిదో తరగతి అయ్యాక ఆడపిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారన్నది నా ప్రాజెక్టు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే పిల్లలు. ప్రశ్నల కాగితం తీస్తే 'తెలీదు' తప్ప ఇంకో మాట రాదు. గైడ్ సార్ కథలు చెప్పించమన్నారు. అది రీసెర్చ్ అవుతుందా? వాళ్ళు చెప్పింది నిజమని ఎలా నమ్మాలి?

జవాబు: అవుతుందమ్మా, తప్పకుండా అవుతుంది. కాగితం పట్టుకుని అడిగితే పిల్లలకి అది పరీక్షే, తప్పు చెప్తే ఏమంటారో అని నోరు మెదపరు. వాళ్ళ సంగతి వదిలేసి ఇంకెవరి సంగతో మొదలెట్టు. 'పదమూడేళ్ళ పిల్ల ఒకతి, జడేసుకుని, యూనిఫాం వేసుకుని బడి గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చేసింది' అని ఆపేసి మిగతాది వాళ్ళని చెప్పమను. దీన్ని స్టోరీ కంప్లీషన్ అంటారు.

ఏడు చేపల కథ మన పిల్లలకి తెలిసిందే కదా, చేపా చేపా ఎందుకు ఎండలేదంటే గడ్డి అడ్డొచ్చింది, గడ్డీ ఎందుకు అడ్డొచ్చావంటే ఆవు మెయ్యలేదు, అలా పోయి పోయి చీమ దగ్గర తేలుతుంది. అదే వరసలో 'పిల్లా పిల్లా బడికెందుకు రాలేదు' అని అందుకో. తమ్ముణ్ణి చూసుకోవాలి, అమ్మెందుకు చూడదు, కూలికెళ్ళింది, నాన్నేడీ, సూరత్ మగ్గాలకెళ్ళాడు... ఇలా ఎక్కడిదాకా వెళ్తారో వాళ్ళిష్టం, నువ్వు ఊ కొట్టు చాలు. మధ్యలో ఒడియాలోకి వెళ్ళినా ఆపకు, చెప్పింది చెప్పినట్టే రాసుకో.

ఇక నిజం సంగతి. కథలో పిల్లని కొట్టారంటే చెప్పిన పిల్లని కొట్టారని రాసెయ్యకూడదు. ఆ వయసు వాళ్ళు దేనికి భయపడుతున్నారో, ఎవరు ఆదుకుంటారనుకుంటున్నారో కథ చెప్తుంది, ఎవరి కథలోనూ టీచర్ సాయానికి రాలేదనుకో, అది చాలా పెద్ద విషయం. కానీ 'ఇది నీ కథేనా?' అని మాత్రం అడగొద్దు తల్లీ. కథలోని పిల్ల చాటున ఉండబట్టే చెప్పే పిల్లకి అంత ధైర్యం వచ్చింది, ఆ చాటు లాగేసే హక్కు మనకి లేదు.

పర్మిషన్‌కి అమ్మానాన్నల సంతకం ఒక్కటే సరిపోదు. ఆరోగ్య పరిశోధనలకి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో 7 నుంచి 12 ఏళ్ళ పిల్లలు నోటితో, ఆ పైన 18 దాకా రాసి ఒప్పుకోవాలని ఉంది, నువ్వూ అదే పాటించు. మధ్యలో మానేస్తానంటే మానెయ్యనీ.

'ఎవరికీ చెప్పను' అని మాత్రం ఎప్పుడూ మాటివ్వకు. లైంగిక వేధింపు సంగతి బయటపడితే పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి, ఈ సంగతి మొదలెట్టకముందే పిల్లలకి అర్థమయ్యేలా చెప్పు, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్ కూడా ఇవ్వు. గుంపులో చెప్పిన కథ సాయంత్రానికి వీధంతా తిరుగుతుంది కాబట్టి బరువైనవి విడిగా వినాలి.

రిపోర్ట్ ఇచ్చే ముందు నీకు అర్థమైంది వాళ్ళకి తెలుగులో చదివి వినిపించు. 'అలా కాదక్కా' అన్న చోట దిద్దుకో, నా కథ తీసెయ్ అంటే తీసెయ్.