తాగినంత మాత్రాన నిఖా రద్దు కాదు

ప్రశ్న: మావారు వెల్డింగ్ పని చేస్తారు. రోజూ తాగినా రంజాన్ నెలలో మానేసేవారు. ఈసారి రెండో రోజే చేతులు వణికి, ఇఫ్తారులో ఖర్జూరం కూడా పట్టుకోలేక, ఆ రాత్రే మళ్ళీ తాగారు. అప్పటి నుంచి నమాజూ మానేశారు. తాగేవాడితో నిఖా (పెళ్లి) చెల్లదని, పుట్టింటికి వచ్చేయమని మా అన్న అంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: సోదరీ, మద్యం హరామ్ (నిషిద్ధం) అనడంలో రెండో మాట లేదు. అయితే అది హరామని ఒప్పుకుంటూనే బలహీనతతో తాగే మనిషి పాపం మూటగట్టుకుంటాడే తప్ప ఇస్లాం నుంచి బయటికి పోడు, అతని నిఖా రద్దు కాదు.

నన్ను కలవరపెట్టింది ఆయన నమాజు మానేయడమే. తాగినవాడి నమాజు 40 రోజులు అంగీకారం కాదన్న హదీసు (ప్రవక్త ప్రవచనం) ఆయన చెవిన పడి ఉండవచ్చు. పుణ్యం దక్కకపోయినా నమాజు బాధ్యత తప్పదని ఉలమాలు (మతపండితులు) దానికి అర్థం చెబుతారు. తౌబా (పశ్చాత్తాపం) చేసుకుంటే అల్లాహ్ స్వీకరిస్తాడని ఆ హదీసులోనే ఉంది. తాగి పదేపదే శిక్ష పడిన ఒక మనిషిని ఎవరో శపించబోతే, అతనికి అల్లాహ్ మీదా ప్రవక్త మీదా ప్రేమ ఉందంటూ ప్రవక్త వారించిన ఉదంతం సహీహ్ బుఖారీ అనే హదీసు గ్రంథంలో ఉంది. శిక్ష తప్పలేదు, శాపనార్థాలు మాత్రం వద్దన్నారు. ఇంట్లో మీరంతా ఆయనతో మాట్లాడేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఇక ఆ వణుకును విశ్వాసలోపంగా చూడకండి. ఏళ్ల తరబడి రోజూ తాగే శరీరానికి మద్యం ఒక్కసారిగా ఆగిపోతే వణుకు, చెమటలు, ఒక్కోసారి ఫిట్స్, మతిభ్రమ కూడా వస్తాయి. అది ప్రాణాంతకం కావచ్చు. కాబట్టి ఇంట్లో పెట్టి తాళం వేసి మాన్పించే ప్రయత్నం చేయకుండా, ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. 14416 టెలీమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మందులు పగలు వేసుకోవాల్సి వస్తే, జబ్బుపడినవారు రోజాలను (ఉపవాసాలను) తరవాత పూర్తిచేసుకోవచ్చని ఖురాన్ (2:184) అనుమతించింది.

తాగి మీ మీద చేయి చేసుకుంటున్నట్లయితే మాత్రం సంగతి వేరు. అప్పుడు సహనం పేరుతో ఆగకుండా మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, పుట్టింటికీ వెళ్లండి. అలాంటిదేమీ లేకపోతే, పుట్టింటికి వచ్చేయమన్న అన్నగారినే ఆస్పత్రికి మీ ఇద్దరి వెంట రమ్మని అడగండి.