బంకు బెడ్ల అద్దె నమ్ముకుని క్వీన్స్‌లో ఫ్లాటు కొంటారా?

ప్రశ్న: మాది టెక్సస్‌లోని ఫ్రిస్కో. నాకు 27 ఏళ్లు. ఒక రీజినల్ ఎయిర్‌లైన్‌లో (పెద్ద ఎయిర్‌లైన్ల తరఫున చిన్న విమానాలు నడిపే కంపెనీ) ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కోపైలట్‌గా చేరి గత నెల ట్రైనింగ్ పూర్తి చేశాను. డాలస్ బేస్ (డ్యూటీ మొదలయ్యే ఊరు) అడిగితే న్యూయార్క్ లాగార్డియా ఇచ్చారు. షార్ట్ కాల్ రిజర్వ్, అంటే పిలిస్తే వెంటనే వెళ్లాల్సిన స్టాండ్‌బై డ్యూటీ. గంటకు 95 డాలర్లు, నెలకు 75 గంటల జీతం గ్యారంటీ. ఫ్లయింగ్ స్కూల్ లోన్ 95,000 డాలర్లు, నాన్నగారు (61) హామీగా కోసైన్ చేశారు. కొత్త కారు ఈఎంఐ 480. జాయినింగ్ బోనస్ 15,000 వచ్చింది, అది కాక బ్యాంకులో 2,800 ఉన్నాయి. క్రాష్ ప్యాడ్‌కి (సిబ్బంది డ్యూటీల మధ్య పడుకునే అద్దె బంకు) నెలకు 350 దండగ అనిపిస్తోంది. క్యూ గార్డెన్స్‌లో 3 లక్షల డాలర్లకు ఒక కోఆప్ ఫ్లాటు (బిల్డింగు అందరిదీ, నియమాలు బోర్డువి) చూశాను. నాన్నగారి ఇంటి మీద హెలాక్ (ఇల్లు తాకట్టుతో వచ్చే అప్పు) తీసి 60,000 డౌన్ పేమెంట్ కడతాను, ఫర్నిచర్‌కి బోనస్ వాడతాను. ఆరు బంకు బెడ్లు వేసి తోటి పైలట్లకు ఇస్తే ఈఎంఐ అదే తీరిపోతుంది. హెలాక్ ఫారం ఇంటికి వచ్చింది, ఆదివారం నాన్నగారు సంతకం చేస్తారు. సరైన ఆలోచనేనా?

జవాబు: ఇన్ని అంకెల మధ్య ఒక మూల 2,800 డాలర్లు కనిపించింది. నా కన్ను అక్కడే ఆగింది. ఇలాంటి ఉత్తరం నాకు ఇదే మొదటిది కాదు. యూనిఫాం మడత విప్పి నెల కాలేదు, అప్పుడే ఇల్లు. అందుకే మీ పేరు తీసేసి జవాబు అందరికీ కనిపించేలా రాస్తున్నాను.

మీరు బేస్‌ని చిరునామా అనుకుంటున్నారు. సీనియారిటీ లిస్టులో మీ నంబరు ఎక్కడుందో దాన్నిబట్టి ఈ పూటకి మీకు దక్కిన ఊరు అది. చాలా కంపెనీల్లో ఒకే రోజు చేరినవాళ్లలో వయసు పెద్దవాళ్లు ముందుంటారు. డాలస్ బేస్ ఆ పెద్దవాళ్లకి పోయి ఉంటుంది, మిగిలింది మీకు వచ్చింది. మీ వెనక ఇంకో నాలుగు బ్యాచ్‌లు చేరితే ఆర్నెల్లలో డాలస్ రావచ్చు. లేదా లాగార్డియా బేసే ఎత్తేయవచ్చు. మీ విమానం తోక మీద రంగు పెద్ద ఎయిర్‌లైన్‌ది, టికెట్ అమ్మేది వాళ్లు, ఏ ఊరికి తిప్పాలో చెప్పేదీ వాళ్లే. వాళ్లు కాంట్రాక్టులో ఒక గీత మారిస్తే ఇక్కడ వందమంది పెట్టెలు సర్దుకుంటారు. అలాంటి ఊళ్లో 30 ఏళ్ల లోనా?

ఇక రిజర్వ్. మా బాబాయి ఆర్టీసీలో కొత్తగా చేరినప్పుడు టిఫిన్ డబ్బా పట్టుకుని డిపోలో కూర్చునేవాడు, ఎవరైనా రాకపోతే ఆ బస్సు ఎక్కించేవాళ్లు. మీదీ అంతే, కాకపోతే చేతిలో ఫోన్ ఉంటుంది. రూల్స్ ప్రకారం షార్ట్ కాల్ 14 గంటల వరకు ఉండొచ్చు. తెల్లారి 4 గంటలకి మొదలైతే సాయంత్రం 6 దాకా ఫోన్ మోగవచ్చు, మోగిన రెండు గంటల్లో గేటు దగ్గర ఉండాలి. ఫ్రిస్కోలో కూర్చుని అది కుదరదు కాబట్టి ముందురోజే బయల్దేరాలి. జులైలో డాలస్ ఎయిర్‌పోర్ట్ డీఎఫ్‌డబ్ల్యూ మీద సాయంత్రం ఉరుములు మొదలైతే రెండు ఫ్లైట్లు రద్దవుతాయి, మూడోదాంట్లో ఖాళీ ఉండదు, కాక్‌పిట్‌లో పైలట్లకిచ్చే అదనపు సీటు, జంప్‌సీట్, మీకంటే ముందు ఇంకొకరు రాయించుకుని ఉంటారు. అప్పుడు 380 డాలర్లు పెట్టి టికెట్ కొనాలి. కొనడానికి చేతిలో డబ్బు లేక డ్యూటీ తప్పితే గ్యారంటీలో కోత పడుతుంది, ప్రొబేషన్ ఫైల్లో ఒక కాగితం చేరుతుంది. మొదటి ఏడాది ఆ కాగితం ఖరీదు 380 కంటే చాలా ఎక్కువ.

డబ్బు లేక నిద్ర తాకట్టు పెట్టడం ఇంకా ప్రమాదం. 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కోల్గాన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. బేస్ నెవార్క్ అయిన ఆ ఫస్ట్ ఆఫీసర్ సియాటిల్ నుంచి రాత్రంతా కార్గో విమానాల్లో ప్రయాణించి, క్రూ రూంలో కునుకు తీసి డ్యూటీ ఎక్కారు. కూలడానికి అసలు కారణాలు వేరు. కానీ అలసట గురించి, కమ్యూట్ (ఇంటి నుంచి బేస్‌కి చేసే ప్రయాణం) గురించి, చాలీచాలని జీతాల గురించి దేశమంతా మాట్లాడుకుంది అప్పుడే. ఇప్పుడు మీ జీతం అప్పటిలా లేదు. నెలకు 350 పెట్టి మీరు కొంటున్నది డ్యూటీకి ముందు నిద్ర. దాన్ని దండగ అనకండి.

మీ లెక్క చూద్దాం. 75 గంటలు, 95 డాలర్లు అంటే 7,125. పన్ను, 401కే (రిటైర్‌మెంట్ పొదుపు), హెల్త్ ఇన్సూరెన్స్ పోను చేతికి సుమారు 5,300 వస్తుందనుకుందాం. స్కూల్ లోన్ 1,080, మీరు రాసిన కారు ఈఎంఐ 480 (పాత కారు ఏమైందో అడగను), కారు ఇన్సూరెన్స్ 190, క్రాష్ ప్యాడ్ 350, న్యూయార్క్‌లో తిండి 500, ఇంట్లో ఇచ్చేది 600, ఫోన్ 60, కమ్యూట్ తిప్పలకు సగటున 300. మొత్తం 3,560. మిగిలేది 1,740.

ఫ్లాటు కొన్నారనుకోండి. 2,40,000 లోను మీద ఆరున్నర శాతానికి నెలకు 1,520, కోఆప్ మెయింటెనెన్స్ 900, హెలాక్ వడ్డీ 8 శాతం చొప్పున 400. మొత్తం 2,820. క్రాష్ ప్యాడ్ మానేసినా మీ దగ్గర ఉండేది 2,090. నెలకు 730 లోటు. దాన్ని బంకులు పూడుస్తాయంటున్నారు. క్వీన్స్‌లో కోఆప్ బోర్డు ఆరుగురు అపరిచితులు పెట్టెలు లాక్కుంటూ అర్ధరాత్రి లిఫ్టు ఎక్కడానికి ఒప్పుకుంటుందా? చాలా కోఆప్‌లలో మామూలు అద్దెకి ఇవ్వడానికే మొదటి కొన్నేళ్లు అనుమతి ఉండదు. మీకు డాలస్ వచ్చిన రోజు ఆ ఫ్లాటులో మీరు ఉండరు, ఇంకొకర్ని ఉంచలేరు. క్యూ గార్డెన్స్‌ని సరదాగా ‘క్రూ గార్డెన్స్’ అంటారని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అక్కడ బంకులకేం కరువు లేదు, ఎవరో నడుపుతున్నారు, మీరు అద్దె కట్టి పడుకోండి.

మరో మెలిక. వేరే రాష్ట్రాల్లో డ్యూటీ చేసే ఎయిర్‌లైన్ సిబ్బందికి ఫెడరల్ చట్టం ఒక రక్షణ ఇచ్చింది. జీతం మీద పన్ను వేసే హక్కు నివాసమున్న రాష్ట్రానిది, లేదా సగానికి పైగా జీతం సంపాదించిన రాష్ట్రానిది. టెక్సస్‌లో ఆదాయపు పన్ను లేదు. కానీ న్యూయార్క్‌లో సొంత ఫ్లాటు ఉండి, ఏడాదిలో 183 రోజులు దాటి అక్కడ గడిపితే, రోజులో కాసేపు ఉన్నా లెక్కే, స్టేటూ సిటీ రెండూ మిమ్మల్ని తమ మనిషి అని పన్ను అడగొచ్చు. రిజర్వ్‌లో నెలకు 18 రోజులు అంటే ఏడాదికి 216. సంతకాలకి ముందు పన్నులు చూసే సీపీఏ దగ్గరకి వెళ్లారా?

ఇప్పుడు నా పాత పాట. ఆ 2,800 పెరిగి ఆరు నెలల ఖర్చుకి సరిపడా అయ్యేవరకు నాకు మిగతా విషయాలు వినపడవు. మీకు అంటే సుమారు 21,000. నెలకు 1,740 పక్కన పెడితే పదిన్నర నెలలు, ప్రొబేషన్ ముగిసేలోపు. ఎందుకింత పట్టు అంటారా? 2020 ఏప్రిల్‌లో ట్రాన్స్ స్టేట్స్, కంపాస్ అనే రెండు రీజినల్ ఎయిర్‌లైన్లు వారం తేడాలో మూతపడ్డాయి. ఎక్స్‌ప్రెస్‌జెట్ సెప్టెంబర్ 30న యునైటెడ్ కోసం ఆఖరి ఫ్లైట్ నడిపింది. ఆ రోజు ఏ పైలట్‌కైనా సీనియారిటీ నంబరు ఏం పనికొచ్చింది? ఇంకో ఎయిర్‌లైన్‌లో చేరితే లిస్టులో అట్టడుగు నుంచి మళ్లీ మొదలు. మొదటి 5,000 వేరే ఖాతాలో పెట్టి కమ్యూట్ కోసమే వాడండి: వెనకాముందు ఆలోచించకుండా కొనే టికెట్, తెల్లారుజాము షార్ట్ కాల్‌కి ముందు ఎయిర్‌పోర్ట్ హోటల్. మిగతాది తాకొద్దు.

బోనస్ సంగతి. 15,000లో 22 శాతం ఫెడరల్ కోత, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పోను మీకు వచ్చింది దాదాపు 10,500 అయి ఉంటుంది. రెండేళ్ల లోపు మానేస్తే వెనక్కి ఇవ్వాలని మీ కాంట్రాక్టులో ఉందా చూడండి. కొన్నింటిలో చేతికి రాని కోతతో కలిపి మొత్తం 15,000 అడుగుతారు. గడువు దాటేవరకు అది సేవింగ్స్‌లో పడి ఉండాలి, పైన చెప్పిన 21,000లో కలపకండి. సోఫా కొనకండి.

ఇన్సూరెన్స్ కూడా ఇప్పుడే. మీ ఉద్యోగం ఫస్ట్ క్లాస్ మెడికల్ (పైలట్ ఆరోగ్య సర్టిఫికెట్) మీద నిలబడి ఉంది. మీ వయసులో అది 12 నెలలు చెల్లుతుంది, 40 దాటాక 6. ఒక్కసారి మూర్ఛ వచ్చినా, గుండె దడ రిపోర్టులో పడ్డా విమానం ఎక్కనివ్వరు, లోను మాత్రం ఆగదు. కంపెనీ లాంగ్ టర్మ్ డిజేబిలిటీ (చాలాకాలం పని చేయలేకపోతే డబ్బిచ్చే ఇన్సూరెన్స్) ఏ తేదీ నుంచి మొదలవుతుందో హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి రాతలో తెప్పించుకోండి. మధ్యలో ఖాళీ ఉంటే మెడికల్ పోయినా డబ్బిచ్చే లాస్ ఆఫ్ లైసెన్స్ కవర్ తీసుకోండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఇస్తారు.

401కేలో కంపెనీ కలిపేంత వరకు వేయండి. స్కూల్ లోన్ రీఫైనాన్స్ ప్రొబేషన్ అయ్యాక చూద్దాం. షేర్లు, క్రిప్టో ఈ ఏడాదికి వద్దు.

మీ నాన్నగారి గురించి ఒక్క మాట. ఆయన పేరు మీద ఇప్పటికే మీ 95,000 ఉంది. రిటైర్‌మెంట్‌కి నాలుగేళ్లు లేని మనిషి ఇంటి మీద, వడ్డీ మారుతూ పోయే అప్పు, బోర్డు ఒప్పుకుంటుందో లేదో తెలియని ఆరు బంకుల ఆదాయం చూపించి. ఇది పెట్టుబడా? ఫారం ఇంటికి వచ్చింది, ఆదివారం సంతకం చేస్తారని రాశారు. శనివారమే ఫోన్ చేసి, ఆ ఫారం చింపేయమనండి.