గాలిమరకు పొలం లీజుకిచ్చే ముందు

చిరంజీవికి పెద్దనాన్న ఆశీస్సులు.

గాలిమరల కంపెనీ (మనం ఫ్యాను కంపెనీ అంటాంగా) తరఫున ఏజెంటు వచ్చి మీ పొలం అడుగుతున్నాడనీ, బయానా కూడా చేతిలో పెట్టబోయాడనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇవ్వొద్దని నేననను. వేరుశనగ చేతికొస్తుందో లేదో తెలియని మన అనంతపురం నేలలో ఏటా కచ్చితంగా వచ్చే డబ్బు చిన్న సంగతేం కాదు. రామగిరి కొండల మీద తొంభైలలోనే గాలిమరలు లేచాయి. ఆ తర్వాత ఉరవకొండ, బెళుగుప్ప వైపు చేలల్లోకీ వచ్చాయి. నా చేలోనూ ఒకటి తిరుగుతోంది. ఇవ్వు, కాకపోతే ఎంత ఇస్తున్నావో కొలిచి ఇవ్వు.

ఏజెంట్లు తెచ్చే కాగితంలో సర్వే నెంబరు మొత్తం రాసేస్తారు. వాళ్లకు కావలసింది ఫ్యాను నిలబడే చోటు, క్రేను పెట్టుకునే చోటు, దారి. మీ ఆరెకరాల్లో అది రెండు రెండున్నర ఎకరాలు దాటదు. ఆరూ రాసి రిజిస్టరైతే, పొలం మీద ఏమేం రిజిస్టరయ్యాయో చూపే ఈసీలో ఆరెకరాల మీదా లీజు కనబడుతుంది. రేపు పంట రుణానికి బ్యాంకుకు వెళ్లినా, చెల్లి పెళ్లికి ఒక ఎకరం అమ్మాలన్నా కంపెనీ అనుమతి తెమ్మంటారు. సర్వేయరును పిలిపించి, రాళ్లు పాతించి, హద్దులు గీసిన స్కెచ్చును లీజు పత్రానికి జత చేయించు. మిగతా పొలంలో సాగు నీదేనని పత్రంలో ఒక వాక్యం ఉండాలి.

సంతకం ఎవరితో చేస్తున్నావో కూడా చూడు. చాలాచోట్ల మధ్యలోవాడు తన పేరున రాయించుకుని తర్వాత కంపెనీకి బదిలీ చేస్తాడు. బదిలీ అయితే నీకు రాతపూర్వకంగా చెప్పాలి, పాత బాకీలు కొత్తవాళ్లే కట్టాలి. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ కావాల్సిందేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే చెబుతోంది. స్టాంపు పేపరు మీద రాసుకుని తర్వాత చూద్దాం అంటే ఒప్పుకోకు. రిజిస్ట్రేషన్ ఖర్చు కంపెనీదే. పొలాన్ని తాకట్టు పెట్టే హక్కు మాత్రం ఎవరికీ రాసివ్వకు.

నా చేలో నష్టం ఫ్యానుతో రాలేదు, దారితో వచ్చింది. క్రేన్లు, రెక్కలు మోసే లారీలు రావాలని గరుసు తోలి రెండడుగులు ఎత్తు చేశారు. వాన పడితే పైచేను నీళ్లు కిందికి దిగే వాలుకు అది అడ్డం. తూములు వెయ్యలేదు. పైపక్క చెనిక్కాయ చెట్లు నీళ్లలో నానిపోయి పసుపెక్కాయి, కిందిపక్క నేల బీటలిచ్చింది. కాంట్రాక్టరును అడిగితే కంపెనీని అడగమన్నాడు, కంపెనీవాళ్లు కాంట్రాక్టరును చూపించారు. అందుకే నీళ్లు ఎక్కడ దాటుతాయో ముందే చూపించి, అక్కడ తూములు వేయాలని రాయించు. తెగిన గట్లు, పగిలిన డ్రిప్పు పైపులు ఎన్నాళ్లలో బాగుచేస్తారో, పంట నష్టం ఎలా లెక్క కడతారో కూడా రాయించు. పేరు కంపెనీదే ఉండాలి, కాంట్రాక్టరుది కాదు.

కరెంటు తీగల సంగతి వేరు. 66 కె.వి., అంతకుమించిన పెద్ద లైన్ల టవర్లకు భూమి విలువకు రెట్టింపు పరిహారం ఇవ్వాలని కేంద్రం 2024లో మార్గదర్శకాలిచ్చింది. ఫ్యాన్ల నుంచి సబ్‌స్టేషనుకు పోయే 33 కె.వి. లైన్లు వాటి కిందికి రావు. వాటి స్తంభాలకు బేరం నువ్వే ఆడుకోవాలి.

ఇక డబ్బు. రెండు మెగావాట్ల ఫ్యాను మంచి గాలి ఉన్నచోట ఏడాదికి సుమారు 50 లక్షల యూనిట్లు ఇస్తుంది. యూనిట్ మూడు రూపాయలకు అమ్మినా కోటిన్నర. ఇది గుర్తుపెట్టుకుని బేరానికి కూర్చో. లీజు పాతికేళ్లు సాగుతుంది, ఇవాళ్టి అంకె అప్పటికి దేనికీ రాదు. ఏటా 5 శాతం పెరిగితే పదిహేనో ఏటికి దాదాపు రెట్టింపవుతుంది. అంతకు తగ్గకు. తిరిగిన యూనిట్ల మీద వాటా ఇస్తాం అంటే దాన్ని అదనంగా తీసుకో, అసలు అద్దెను మాత్రం దానికి ముడిపెట్టనివ్వకు. 2019లో మన రాష్ట్రంలో పీపీఏల (కరెంటు కొనుగోలు ఒప్పందాల) గొడవ వచ్చి, కరెంటు కొనే డిస్కంల నుంచి కంపెనీలకు డబ్బులు ఆగాయి, కోర్టుల దాకా వెళ్లారు. ఫ్యాను తిరిగినా ఆగినా అద్దె ఫలానా తేదీకి పడాలి, పడకపోతే వడ్డీతో ఇవ్వాలి.

కొండవాలులో కొంత డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి, ఉంది కదా, అది కలిపి రాయొద్దు. అసైన్డ్ భూమిని లీజుకివ్వడం కూడా 1977 చట్టం కింద నిషేధమే. ఇచ్చి ఇరవై ఏళ్లు దాటినవాటికి ఆ నిషేధం సడలిస్తూ 2023లో సవరణ తెచ్చారు గాని, మనది 22-ఎ (రిజిస్ట్రేషన్ నిషేధ భూముల) జాబితాలోంచి తీశారో లేదో తహశీల్దారు ఆఫీసులో చూసుకోకుండా ముందుకు పోకు.

గడువు తీరాక ఏం చేస్తారన్నది ఏజెంటు చెప్పడు. ఫ్యాను కింద వందల ఘనమీటర్ల కాంక్రీటు ఉంటుంది. కనీసం నాగలి, రోటవేటరు తిరిగే లోతు వరకు దాన్ని పగలగొట్టి తీసేసి, పైన సాగుమట్టి పరచి అప్పగించాలి. కంపెనీ మూతబడితే ఎవరు తీస్తారు? అందుకు బ్యాంకు గ్యారంటీ అడుగు. పాత ఫ్యాను తీసి పెద్దది పెట్టుకుంటామంటే కొత్త లీజు, కొత్త రేటు.

చేలో ఇల్లు కట్టుకుంటానన్నావు. ఇళ్లకు 500 మీటర్ల లోపు ఫ్యాను పెట్టకూడదన్నది కేంద్రం 2016 మార్గదర్శకాల్లోని మాట. ఇంటి చోటు ఇప్పుడే స్కెచ్చులో గుర్తు పెట్టించు.

డ్రాఫ్టు ఇంగ్లీషులో ఇస్తారు, తెలుగు కాపీ అడుగు. రెండూ నాకు పంపు. అనంతపురంలో సివిలు కేసులు చూసే వకీలు ఒకాయన నాకు తెలుసు, ఆయనకు చూపిస్తాను. పక్క పొలాలవాళ్లనూ కూర్చోబెట్టు, నలుగురూ ఒకే షరతులు అడిగితే వాళ్లు దిగొస్తారు. అందాకా బయానా ముట్టుకోవద్దు.

మీ పెద్దనాన్న