దేవుణ్ణి నమ్మకుంటే మీటింగుకు పోవచ్చా?

తమ్మీ, తాగుడు మానినవు, సంతోషం. దేవుడి మాటొస్తదని హనుమకొండలో ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేటోళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగుకు పోబుద్ధి కావట్లేదన్నవు, దసరా దావత్‌లంటే భయమన్నవు.

పో. తాగుడు మానాలన్న కోరికుంటే చాలు. ఫీజు లేదు, కులం మతం అడగరు. తాగుడు మానేందుకు ఏఏ చెప్పే పన్నెండు మెట్లల్ల మూడో మెట్టులోనే 'మనం అర్థం చేసుకున్న విధంగా దేవుడు' అని ఉంది. నమ్మకం లేనివాళ్లు చాలామంది తమ గ్రూపునే తమకన్నా పెద్ద శక్తి అనుకుంటరు. 1935లో, అప్పటికే తాగుడు మానిన బిల్ విల్సన్ అనేటాయన పని మీద అమెరికాలోని ఆక్రన్‌కు పోయిండు. అక్కడ తాగాలనిపిస్తే, తనలాంటి ఇంకో మనిషి కోసం వెతికిండు. అట్ల డాక్టర్ బాబ్ దొరికిండు, ఏఏ మొదలైంది. ఎదుటివాడి గోస వింటుంటే మన కోరిక సల్లబడుతది. నా దృష్టిలో ఆధ్యాత్మికత అంటే ముందు అదే, పూజలు తర్వాత.

దసరానాడు జమ్మి పెట్టు, పెద్దల కాళ్లు మొక్కు, అన్నం తిను, సీసా తెరవకముందే లేచిరా. బలవంతపెట్టేది మీ బావే కదా, ఇయ్యాలే ఫోన్ చేసి చెప్పు. ఆ సాయంత్రం తోడుండమని గ్రూపులో ఒకర్ని ముందే అడుగు. ఒకవేళ జారితే దాచకు, తెల్లారి మీటింగుకే రా. మళ్లీ రోజూ తాగుడు మొదలైతే మాత్రం ఒక్కసారిగా ఆపకు, ఫిట్స్ రావచ్చు. డాక్టరును అడిగే ఆపు. తాగుడు మానేటోళ్ల కోసం ఉన్న సర్కారు హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తరు.